గంజి పోసిన కాగితాలు

2007లో ములకలపల్లిలో నాకు పాత సామాన్ల దుకాణం ఉండేది. రోడ్డు మీదికి రేకుల షెడ్డు, దాని వెనక నుంచి అడవి మొదలు. బడిలో నేను చదివింది ఐదో తరగతి వరకే. మిగతాదంతా శాఖా గ్రంథాలయంలో నేర్చుకున్నాను. ఆ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే. ఆ ఏడాది పంచాయతీ వాళ్లు ఇంటికో ప్లాస్టిక్ సంచి ఇచ్చి కాగితాలు, సీసాలు, డబ్బాలు అందులో దాచమన్నారు. వారానికోసారి వాటిని ఎత్తే పని నాకు అప్పగించారు.

మా వ్యాపారంలో కంటామినేషన్ అనే మాట ఉంది. పనికొచ్చే సరుకులో తడి, మురికి, తిండి మెతుకులు కలిసి మొత్తం పాడవడం అన్నమాట. నొక్కి తాడుతో బిగించిన కాగితాల మోపును బేల్ అంటాం. అందులో ఒక్క తడి కట్ట ఉన్నా బేల్ అంతా బూజు పడుతుంది. గ్రంథాలయంలో ఒక ఆరోగ్య పుస్తకం ముందేసుకుని నోట్సు రాసుకున్నాను. ఆటోకు మైకు కట్టించి వాడవాడలా చెప్పాను. మెతుకులంటిన కాగితం బొమ్మ గీసి బడి గోడకు అంటించాను.

అయినా తడి కాగితం కలిసిందని రెండు లోడ్లు వరసగా కొత్తగూడెం గోడౌన్ నుంచి వెనక్కి వచ్చాయి. "మూడోది గూడ గిట్లనే వస్తే ఇగ మీ ఊరి సరుకే వద్దు" అని అక్కడి సూపర్‌వైజర్ ఫోన్‌లో చెప్పేశాడు. షెడ్డులో సరుకు ఏరే రంగమ్మకు ఆ పని తప్ప వేరే ఆధారం లేదు.

"భాయ్, షెడ్డు మూస్తే నేను మళ్ల మిరప చేన్లకు పోవాలె. నా మోకాళ్ల సంగతి నీకు తెల్వదా?" అంది.

మొదట పక్క మండలంలోని పోటీ వ్యాపారిని అనుమానించాను. తర్వాత, చెప్పడానికి సిగ్గుగా ఉంది, రంగమ్మనే అనుమానించాను. ఆమె అన్నానికి పోయినప్పుడు ఆమె ఏరిన కుప్పను తిరగేసి చూశాను. ఏమీ దొరకలేదు. ఆ వారం సంచుల అడుగున వీధికో రంగు చొప్పున చుక్క పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

పాడైన సంచులన్నిటికీ నీలం చుక్కే ఉంది. అది ఊరి చివర, అడవి కొట్టి పోడు సాగు చేసుకునే వాళ్ల వీధి. చిత్రమేమిటంటే ఆ సంచుల్లో సీసాలు కడిగి ఉన్నాయి, డబ్బాలు తుడిచి ఉన్నాయి. కాగితాలను మాత్రం గంజిలో నానబెట్టి పైన బూడిద చల్లారు. అది తెలియక చేసిన పని కాదు.

రంగమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. మొదటి ఇంటి ముందు ముత్తయ్య వెదురు తడక అల్లుతున్నాడు. నేను బడి గోడకు అంటించినలాంటి బొమ్మే ఇంకోటి విప్పబోయాను.

"ఆ బొమ్మ చూసినం సాయబూ. మడిచి పెట్టుకో."

"మరి కాగితాల మీద గంజి ఎవరు పోసిన్రు మామా?"

"మేమే పోసినం. వీధంత పోసినం. అయితే ఏంది?"

"ఎందుకు?"

"నువ్వు చదువుతవ్ గద, గందుకు."

నాకు అర్థం కాలేదు. ముత్తయ్య అల్లిక ఆపాడు.

"సంచి ఎత్తుకుంటనే కాగితం బయటికి తీస్తవ్. చదువుతుంటే నీ పెదవులు గూడ ఆడుతయ్. మా ఇండ్లల్ల పోడు కేసుల కాగితాలుంటయ్. పోయిన నెల చాయ్ హోటల్ల ఏమన్నవ్? ముత్తయ్య మీద కేసున్నది, నేను చదివిన అన్లేదా?"

అన్నాను. ఒకసారి చదివితే నాకు మరుపు ఉండదని నలుగురికీ చూపించుకోవడానికే అన్నాను.

"నువ్వన్న నాలుగొద్దులకు ఫారెస్టోళ్లొచ్చి నా చేను కొలుచుకపోయిన్రు. నువ్వు చెప్పినవా, నీ మాట ఇన్నోడు చెప్పిండా?"

వాళ్లు నా మాట వల్ల వచ్చారో, ఎప్పటిలాగే వచ్చారో నాకు నేటికీ తెలియదు. రంగమ్మే అందుకుంది.

"నాకు అక్షరం ముక్క రాదన్నా. కాగితాలు నా చేతికియ్యి. గీ భాయ్‌ని దూరంగ నిలబెట్టు. గోడ మీద పోస్టర్ కనబడ్డా ఆగి చదువుతడు, ఏం జేస్తం?"

ముత్తయ్య నవ్వలేదు. కాదని కూడా అనలేదు.

మర్నాడు అదే చాయ్ హోటల్‌లో, ఆ రోజు విన్నవాళ్ల ముందే, నేను చేసింది తప్పని ఒప్పుకున్నాను. మైకులో చెప్పే మాట కూడా మార్చాను: మీ కాగితాలు మేం చదవం, భయముంటే చింపి ఇవ్వండి, తడపకండి. సంచి వాళ్ల అరుగు మీదే విప్పాలి. కాగితం రంగమ్మే ఎత్తాలి. నాకు సీసాలు, డబ్బాలే. మూడో లోడ్ వెనక్కి రాలేదు.

ముత్తయ్య అనుమానం మాత్రం పోలేదు. వారం వారం గడపలో కూర్చుని నా చూపు ఎటు పోతుందో కనిపెట్టేవాడు. ఒకసారి కుప్ప మీద ఒక కాగితం చింపకుండా, అక్షరాలు పైకి కనిపించేలా పెట్టి ఉంది. కావాలనే పెట్టాడని నాకూ అనుమానమే. తల తిప్పుకుని డబ్బాలు ఏరుకున్నాను. అక్షరం చూసి తల తిప్పుకోవడం నాకు అదే మొదటిసారి.

ఆ మరుసటి వారం ముత్తయ్య చూరులోంచి మడత కాగితం ఒకటి తీసి నన్ను ఇంట్లోకి పిలిచాడు.

"ఇది మొన్న వచ్చింది. ఏం రాసిన్రో చెప్పు. మెల్లగ చెప్పు, రంగమ్మకు గూడ ఇనబడొద్దు."

చెవి దగ్గర చదివి వినిపించి, మడత పెట్టి ఆయన చేతిలోనే పెట్టి వచ్చాను. అందులో ఏముందో ఇక్కడ రాయను. సంచిలో మురికి కనిపిస్తే వాళ్లకు తెలియక వేశారనుకుని పాఠం మొదలుపెట్టేవాణ్ని. ఆ వీధి తర్వాత ముందుగా వాళ్లు దేనికి భయపడుతున్నారో అడగడం నేర్చుకున్నాను. చాలాసార్లు ఆ భయం నేనే అయ్యేవాణ్ని.