మిషను చెక్కిన రెండో రెక్క

చెక్క మీద నగిషీలు చెక్కే కంప్యూటరు మిషను తెనాలిలో ఒక సామిల్లుకు వచ్చిన రోజున, దాన్ని చూడ్డానికి వెళ్తున్న నన్ను మా బావ గుమ్మంలోనే ఆపాడు. "ఉలి పట్టిన చేత్తో స్విచ్చి నొక్కడానికి పోతున్నావేంట్రా?" అన్నాడు. ఆ కోపం నా మీద కాదు. ఆయన కుడిచేతి మీద.

మా బావది బాపట్ల. మా అక్క మొగుడు, నగిషీ పనిలో నాకు గురువు. తెనాలిలో ఇద్దరం ఒకే షెడ్డులో పనిచేసేవాళ్ళం. తొంభైల చివర్లో రేపల్లెలో కొత్తగా కడుతున్న చర్చికి పెద్ద తలుపు చెయ్యడానికి ఒప్పుకున్నాడు. రెండు టేకు రెక్కలు, వాటి నిండా ద్రాక్షతీగ. మొదటి రెక్క అద్భుతంగా చెక్కాడు. అడుగు గుత్తిలో మాత్రం ఒక పండును గుండ్రంగా తియ్యకుండా చదునుగా వదిలేశాడు. అది దిష్టికి. ఏ పని చేసినా ఎక్కడో ఒకచోట కావాలని చిన్న లోపం ఉంచడం ఆయనకు వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి. ఎవరైనా అదేంటని అడిగితే, "అదొక్కటీ ఇంకా పండలేదండి" అనేవాడు.

ఆ రెక్క పూర్తయ్యేసరికి ఆయన చెయ్యి వణకడం మొదలుపెట్టింది. మొదట టీ గ్లాసు దగ్గర, తరవాత ఉలిని కొట్టే కొడతి దగ్గర, చివరికి ఉలి దగ్గర. రెండో రెక్క చిత్రిక పట్టి గోడకు ఆనించింది ఆనించినట్టే ఉండిపోయింది.

"నేను చెక్కుతాలే బావా" అన్నాను.

"నీ చెయ్యి వేరు, నా చెయ్యి వేరు. ఒక రెక్క మీద తీగ పాకుతుంది, ఇంకో రెక్క మీద కుంటుతుంది. ఎవరికి తెలుస్తుందిలే అనుకోకు. రోజూ ఆ తలుపు తీసేవాడికి తెలుస్తుంది."

నిజమే. నా పని మొరటు, నా మాటలాగే.

చర్చి అయ్యగారు వచ్చి చూశారు. తొందరపెట్టలేదు. "కోతపండుగకి ప్రతిష్ఠ అనుకుంటున్నామండి మేస్త్రిగారూ. ముందు మీ ఆరోగ్యం చూసుకోండి" అన్నారు. ఆయన అంత మెత్తగా అనేసరికి మా బావకు ఇంకా కష్టమైంది. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ తలుపు ఇవ్వలేకపోతే ఇక తాను మేస్త్రీనే కాదని లోపల తీర్మానించుకున్నాడు. పైకి అనలేదు గానీ, కంచం ముందు నుంచి సగంలో లేచిపోతున్నాడని అక్క నాతో చెప్పి ఏడ్చింది.

అందుకే నేను సామిల్లుకు వెళ్ళాను. మిల్లు యజమాని సంగం జాగర్లమూడి అనే ఊరి రైతు. పొలం తమ్ముళ్ళకు వదిలి కలప వ్యాపారంలోకి వచ్చినాయన. మిషనైతే కొన్నాడు గానీ, దాని పక్కన నిలబడ్డానికి చెక్క తెలిసినవాడు కావాలి ఆయనకు.

"ఏమయ్యా మేస్త్రీ, చదువొచ్చా?" అన్నాడు.

"తెలుగు వచ్చండి. ఈ మధ్యే వచ్చింది."

నలభై దాటాక వచ్చింది. సాయంత్రాలు మా పేటలో ఒక లూథరన్ చర్చి టీచరమ్మ పెద్దవాళ్ళకు అక్షరాలు చెప్పేది. పలక పట్టుకోవాలంటే నాకు సిగ్గేసేది. "చెక్క మీద చెక్కినట్టు రాయకండి అన్నయ్యగారూ, పలక పగులుద్ది" అని నవ్వేది. ఆ గుణింతాలన్నీ దాటి వచ్చినవాణ్ణి, ఈ మిషను నన్నేం చేస్తుంది? దానికి కావలసినవి మూడే ఇంగ్లీషు అక్షరాలు. ఎక్స్ అంటే అడ్డం, వై అంటే నిలువు, జెడ్ అంటే లోతు. బిట్టు అనే సన్నటి కోత ములుకు ఈ మూడు దారుల్లోనే తిరుగుతుంది. ముందుగా దాన్ని చెక్క మూలకు తెచ్చి, తగిలీ తగలనట్టు ఆనించి, నీ మొదలు ఇదీ అని చూపించాలి. మొదలు తప్పు చూపిస్తే మిషను అడగదు, ఆగదు. తప్పును కూడా అంతే శ్రద్ధగా చెక్కుతుంది.

కానీ మా మొదటి ముప్పు అక్కడ రాలేదు. కొత్త మిషను కదా, యజమాని భార్య పసుపు ముద్దగా కలిపి తెచ్చింది. కొబ్బరికాయ కొట్టాం. ఆవిడ మిషనంతా పసుపు పూసి బొట్లు పెట్టింది. బిట్టును నడిపించే మరల కడ్డీకి కూడా ఆ చివర నుంచి ఈ చివర దాకా పూసింది. వద్దనాలని ఎవరికీ తట్టలేదు. ఉలికి పెడతాం, రంపానికి పెడతాం, దీనికెందుకు పెట్టం? పసుపు ఎండింది. దాని మీద చెక్కపొట్టు పడి అట్టకట్టింది. మర్నాడు ఒక వేపచెక్క మీద తామరపువ్వు మొదలుపెడితే, సగం దాకా ముచ్చటగా వచ్చాక కడ్డీ పట్టేసింది. మిషను మాత్రం తను నడిచాననే అనుకుంది. మిగతా సగం పువ్వు పక్కకు జరిగి పడింది.

ఆ సంగతి నాకంటే ముందే మా షెడ్డు చేరింది.

"ఏరా, మీ మిషను పువ్వుకి నడుం పట్టేసిందంటగా?" అన్నాడు బావ. చాలాకాలానికి పకపకా నవ్వాడు.

నవ్వుతున్నప్పుడే అడిగేశాను. "కడ్డీ కిరసనాయిలు పెట్టి కడిగాం బావా, ఇప్పుడు బాగా నడుస్తోంది. నీ రెక్కనే దానికి నమూనా ఇస్తాను. నా చెయ్యి పడకుండా నీ తీగే వస్తుంది."

ఆయన నవ్వు ఆగిపోయింది. గోడకు ఆనించిన రెక్క వైపు చూశాడు. "చెక్కించు. బాగోకపోతే పొయ్యిలో పెడతా" అన్నాడు.

మొదటి రెక్క మీద పల్చటి కాగితం పరిచి బొగ్గుతో రుద్ది అచ్చు తీశాం. ఎక్కడెంత లోతో కొలిచి ఆ అచ్చు మీదే రాశాను. నా అక్షరాలు అంత పనికొస్తాయని నేనే అనుకోలేదు. యజమాని దాన్ని విజయవాడలో కంప్యూటరు బొమ్మలు గీసే ఒకాయనకు పంపాడు. ఎదురు రెక్క కాబట్టి ఆయన తీగను అద్దంలో చూసినట్టు తిప్పి, ఫ్లాపీలో వేసి పంపాడు.

మిషను మొదట మోటు బిట్టుతో చెక్కను గుల్లచేసింది. తరవాత సన్న బిట్టుతో వెంట్రుకంత ఎడంగా వచ్చి పోయి, వచ్చి పోయి, తీగను పైకి తేల్చింది. టేకు దుమ్ముకు నా కనుబొమ్మలు కూడా ఎర్రబడ్డాయి. బిట్టు వదిలిన గీతలన్నీ ఉప్పుకాగితంతో నేనే రుద్దాను. అప్పుడు మొదటి రెక్కను కూడా సామిల్లుకు తెప్పించి, రెండూ పక్కపక్కన పెట్టి, బావను తీసుకొచ్చాను.

ఆయన కళ్ళతో చూడలేదు. కళ్ళు మూసుకుని ఎడమచెయ్యి ఒక రెక్క మీదా, వణికే చెయ్యి ఇంకో రెక్క మీదా పెట్టి, పైనుంచి కిందికి తడుముకుంటూ వచ్చాడు. సగం దిగాక, "తీగ నాదే" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అడుగు గుత్తి దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంట్రా, ఇది పండింది?"

వంగి చూశాను. చదునుగా ఉండాల్సిన పండు గుండ్రంగా నిగనిగలాడుతోంది.

"ఓ, అదా!" అన్నాడు యజమాని సంతోషంగా. "అచ్చులో ఒక పండు చెరిగిపోయిందని విజయవాడాయన సరిచేసి పంపాడయ్యా. ఇప్పుడు ఏ లోపమూ లేదు."

"లోపం లేని పని నా చేతి నుంచి ఎప్పుడూ బయటికి పోలేదండి" అన్నాడు బావ. "ఇది మిషను పనని చెప్పి పంపుకోండి. నా పేరు వద్దు." కండువా భుజాన వేసుకుని లేచాడు.

అంతా అయిపోయిందనిపించింది. నేను ఆయన్ని గుమ్మంలో ఆపి, షెడ్డుకు పరుగెత్తి ఆయన సన్న ఉలి తెచ్చి చేతిలో పెట్టాను.

"పండిన పండును పచ్చి చెయ్యడం నాకు రాదు బావా. నువ్వే చెయ్యి."

"చెయ్యి వణుకుతుంది కదరా."

"వణకనీ. నున్నగా రాకూడదనేగా నీ గోల!"

ఆయన నన్ను చూశాడు, ఉలిని చూశాడు. తరవాత నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఆ పండు మీద ఉలి ఆనించాడు. ఉలి జారింది. పండు పైభాగమే కాదు, పక్క కూడా కొంచెం లేచిపోయింది. అనుకున్నదానికంటే పెద్ద లోపమే పడింది. యజమాని అయ్యయ్యో అన్నాడు. బావ మాత్రం పొట్టు ఊది, వేలితో తడిమి, "అయింది. బండి మాట్లాడు" అన్నాడు.

ఆ పూట మా ఇంట్లో రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు.

రేపల్లెలో తలుపు ఎక్కించాక అయ్యగారు రెండు రెక్కలూ దగ్గరగా వేసి చాలాసేపు చూశారు. వంగి అడుగు గుత్తులు తాకారు.

"ఇక్కడొకటి, అక్కడొకటి... ఇవేంటండి మేస్త్రిగారూ?"

"ఇంకా పండలేదండి" అన్నాడు బావ.

"ఈ పక్కది మరీ పచ్చిగా ఉందే?"

బావ వణికే చేతిని కండువా కింద పెట్టుకోలేదు. అదే చేత్తో ఆ పండును చూపించి, "అది ఈ మధ్యే కాసిందండి" అన్నాడు.