ఆమోసు ఉల్లిమడి

అరవై ఏళ్ళు వచ్చేదాకా ఆమోసు ఉల్లిపాయ పండటం చూడలేదంటే ఎవరూ నమ్మరు. కంకిపాడు పక్కన నలభై ఏళ్ళు పాలేరుతనం చేసినవాడాయె. వరి పొట్టమీదుందో ఈనుతోందో చేనుగట్టున నడుస్తూ వాసనబట్టి చెప్పగలడు. కానీ ఆ నలభై ఏళ్ళూ పొద్దున్నే చద్దన్నంలోకి కొరుక్కున్న ఉల్లిపాయ ఎక్కడ పుడుతుందో అతనికి తెలీదు. విజయవాడ వన్ టౌన్ గోడౌన్లలోంచి బస్తాల్లో వస్తుందని తెలుసు. అంతకుముందు సంగతి అతనెప్పుడూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

1974లో ప్రభుత్వం ఇళ్ళస్థలాలు పంచినప్పుడు ఆమోసుకి మూడు సెంట్లు వచ్చాయి. పూరిల్లు వేసుకోగా వెనక నాలుగు మంచాలు పట్టేంత చోటు మిగిలింది. ఆ చోటు చూసుకుని అతను మురిసిపోయిన తీరు చూస్తే ముప్ఫై ఎకరాల ఆసామి కూడా సిగ్గుపడాలి. దానికో కారణముంది. వాళ్ళ చర్చిలో ఏటా మార్చి నెలలో కోతపండగ చేస్తారు. ఎవరి ప్రథమఫలం వాళ్ళు తెచ్చి ప్రార్థన బల్లముందు పెట్టాలి. ఒకరు గుమ్మడికాయ, ఒకరు కోడిపుంజు, ఒకరు అరటిగెల. ఆమోసు మాత్రం ఏటా కూలికి కొలిచిన వడ్లే తట్టలో పోసి తెచ్చేవాడు. పండించింది తనే. నేల ఆసామిది, విత్తనం ఆసామిది. దేవుడికి ఇంకొకరి సొమ్ము ఇస్తున్నట్టు తట్ట దింపేటప్పుడు అతనికి తల వంగిపోయేది. చచ్చేలోగా ఒక్కసారి తన నేలమీద పండింది అక్కడ పెట్టాలి. అదొక్కటే కోరిక.

“ఆనపపాదు పెట్టుకోవయ్యా, అదైతే దిబ్బమీదైనా కాసుద్ది” అంది భార్య ఎలిజబెత్తు.

“ఉల్లి పెడతానే. ఇన్నేళ్ళూ తిన్నాను గానీ దాని మొహం ఎరగను” అన్నాడు ఆమోసు.

నల్లరేగట్లో ఉల్లి పండదని ఊరంతా చెప్పింది. మా ఊరు ఒక్కమాట మీద నిలబడటం అదే మొదటిసారేమో. పండుతుందని చెప్పింది నేతవాళ్ళ వీధిలో ఉండే చౌడేశ్వరమ్మ ఒక్కతే. ఆమెది ఎమ్మిగనూరు వైపు. పుట్టింటివాళ్ళు మగ్గంతో పాటు ఉల్లి సేద్యం కూడా చేసేవాళ్ళు. అక్కణ్ణించి గుప్పెడు విత్తనాలు తెప్పించి ఇచ్చింది. ఆమోసు కన్నా ఇరవై ఏళ్ళు చిన్నది. అయినా ఆమె ‘ఆమోసూ’ అనేది, అతను ‘అమ్మగారూ’ అనేవాడు. ఊరు నేర్పిన మర్యాద అలాంటిది. విత్తనాలు పోసేటప్పుడు మాత్రం ఆమె చెయ్యి అతని చేతికి తగిలింది. ఇద్దరిలో ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

మొదటి ఏడు పంట పోయింది. కృష్ణా కాలవల కింద పెరిగినవాడికి పైరుమీద ప్రేముంటే నీళ్ళు పెట్టడమొక్కటే తెలుసు. ఆమోసు పొద్దున రెండు కావిళ్ళు, సాయంత్రం రెండు కావిళ్ళు మోసి పోశాడు. మడిలో నీళ్ళు నిలిచాకే తృప్తిగా పడుకునేవాడు. రెండు నెలలు తిరిగేసరికి గడ్డలు జిగటగా కుళ్ళి కంపుకొట్టాయి.

“వరి కాదయ్యా అది! ఉల్లికి నీళ్ళు చూపించాల, ముంచకూడదు” అని చౌడేశ్వరమ్మ మొత్తుకుంది.

రెండో ఏడు ఆమె చెప్పినట్టల్లా చేశాడు. కాలవ గట్టునుంచి ఇసుకమట్టి తట్టలతో మోసుకొచ్చి, మేకపెంటికలూ బూడిదా కలిపి, జానెడెత్తున మడి కట్టాడు. దీపావళి వెళ్ళాక నారు పోశాడు. క్రిస్మస్ ముందు బెత్తెడేసి దూరంలో నాటాడు. నాలుగైదు రోజులకోసారి తడిపి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే కష్టమైంది. చేతులు బిందె వైపు పోతుంటే వాటిని చంకల్లో పెట్టుకుని కూచునేవాడు.

ఫిబ్రవరిలో ఓ పొద్దున మడి దగ్గర్నించి ఎలిజబెత్తుని కేకేశాడు. మట్టి పగిలి ఎర్రటి గడ్డల భుజాలు పైకొచ్చాయి.

“వరి పైన పండుద్ది. చిలగడదుంప లోపల ఊరుద్ది. ఇదేందే, సగం బయటికొచ్చి కూకుని ఊరతంది!” అన్నాడు.

నువ్వుగింజంత లేని నల్లటి విత్తనంలో ఇంత ఎరుపు ఎక్కడ దాక్కుందో ఇద్దరికీ అర్థం కాలేదు. పొయ్యిమీద ఎసరు మరిగిపోతున్నా ఎలిజబెత్తు కదల్లేదు.

మార్చి వచ్చింది. కోతపండగ పది రోజులుందనగా చౌడేశ్వరమ్మ తమ్ముడి పెళ్ళికని పుట్టింటికి వెళ్ళింది. ఆమె వెళ్ళిన మూడోనాడు ఆమోసు పెరట్లోకి వెళ్ళి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. మడంతా పడిపోయింది. నిన్నటిదాకా నిటారుగా ఉన్న ఆకులు మెడ దగ్గర వంగి నేలకు ఒరిగిపోయాయి. గాలి లేదు, వాన లేదు, మేక దూరిన జాడ లేదు.

పైరు పడిపోయిందంటే డెల్టాలో అర్థం ఒక్కటే. నవంబరు గాలివానల్లో పడిపోయిన వరిని ఏళ్ళతరబడి లేపి కట్టినవాడు ఆమోసు. నాలుగు దుబ్బులు కలిపి కట్టి నిలబెడితే కంకి నీళ్ళల్లో మొలకెత్తకుండా దక్కుతుంది. ఇప్పుడూ అదే చేశాడు. అరటినార చీల్చి, నాలుగేసి మొక్కల ఆకులు దగ్గరికి తీసి కట్టాడు. రోజంతా మోకాళ్ళమీద పాకాడు. మర్నాటికి ఆకులు పసుపెక్కి మళ్ళీ వాలాయి. గడ్డ పీకి చూద్దామంటే మొదటి ఏటి కుళ్ళు కంపు గుర్తొచ్చి చెయ్యి రాలేదు. మళ్ళీ కట్టాడు. నీళ్ళు పెడితే తేరుకుంటుందేమోనని బిందె కూడా ఎత్తాడు.

“ఆమె వద్దంది కదయ్యా” అని ఎలిజబెత్తు బిందె లాక్కుంది. దాన్ని గోడవారన దించి, “ఈ ఏడు కూడా వడ్లే పట్టకెళదాంలే” అంది మెల్లగా.

ఆమోసు ఆ పూట అన్నం ముట్టలేదు.

పండగ ఆదివారమనగా శనివారం మధ్యాహ్నం చౌడేశ్వరమ్మ బస్సు దిగి నేరుగా వాళ్ళింటికే వచ్చింది. మడి చూసి పకపకా నవ్వింది. ఆమోసు మొహం చూశాక నవ్వు ఆపుకుంది.

“ఏందిది, ఉల్లికి జడలేసినావా?”

“పడిపోయిందమ్మగారూ. ఎంత కట్టినా నిలవట్లేదు.”

“పడిపోకుంటే ఏడవాల! కడుపు నిండినాక ఉల్లి తనంతట తనే పండుకుంటది. ఇంక నీళ్ళొద్దు, నన్ను తీసుకోమని చెప్తాంది. పీకి చూడు.”

ఆమోసు ఓ కట్టు నార విప్పాడు. ఒక మొక్క మెడ పట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకున్నాడు. అంత బలం అక్కర్లేకపోయింది. పిడికిలంత ఎర్రగడ్డ, కింద వెంట్రుకల్లాంటి నాలుగు వేళ్ళతో, అడిగితే ఇచ్చినట్టు చేతిలోకొచ్చింది. ఇంకోటి పీకాడు. ఇంకోటి. ఎలిజబెత్తు చెంగు పట్టింది. చెంగు చాలక తట్ట తెచ్చింది. మడి ఖాళీ అయ్యేసరికి ఆమోసు గొంతుక్కూచుని తట్టలో గడ్డలు ఒక్కొక్కటే తడిమి చూస్తున్నాడు. పడిపోయిన పైరు కింద నిండు పంట ఉండటం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఆదివారం పొద్దున తట్ట నెత్తిన పెట్టుకుని చర్చికి నడిచాడు. తెచ్చింది బల్లముందు పెట్టి ఎవరికి వాళ్ళు ఓ ముక్క ప్రార్థన చెయ్యడం అక్కడి ఆచారం. ఆమోసు ఏటా పక్కవాడిచేత చేయించేవాడు. ఈసారి తనే మోకరించాడు.

“తండ్రీ, ఇయ్యి మా పెరట్లోయి” అన్నాడు. తట్ట అంచు పట్టుకుని ఆగాడు. పాస్టరుగారు సాయం చెయ్యబోతే చెయ్యెత్తి ఆపాడు.

“నువ్వు పడుకోబెట్టిన పంటని నేను లేపి కట్టాను తండ్రీ. రోజూ కట్టాను. పాడైపోయిందనుకున్నాను. నువ్వు పండించావని నాకు తెలవదు. తప్పయిపోయింది.”

ఆమెన్ అనడం మర్చిపోయి అలాగే మోకాళ్ళమీద ఉండిపోయాడు. ఎలిజబెత్తు ఏడుస్తూనే ఆమెన్ అంది.