బెండిగో కోచ్‌కి ‘రాను’ అని చెప్పి వచ్చాం

మా అన్నయ్య కూతురు హారికకు పెద్దవాళ్లు ఏదడిగినా సరే అనడమే తెలుసు. హన్మకొండలో దాన్ని మంచి పెంపకం అంటారు. ఆ మంచి పెంపకమే చలికాలపు శనివారం పొద్దున్నే మమ్మల్ని మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్ నుంచి బెండిగోకి బయల్దేరదీసింది. హారిక నిరుడు బెండిగోలో చదువుతూ అక్కడి యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఆడింది. రూమ్మేట్లందరూ కట్టకట్టుకుని మెల్‌బోర్న్‌లోని మరో యూనికి మారితే తనూ మారి, మా ఇంటికి వచ్చేసింది. కొత్త యూని టీమ్‌లో చోటు దొరికింది. కానీ టీమ్ మారాలంటే పాత కోచ్ క్లియరెన్స్, అంటే వదులుతున్నానన్న అనుమతి, ఇవ్వాలి. ఆవిడ ఇవ్వలేదు. సోమవారంలోగా అది రాకపోతే ఈ సీజన్‌లో ఆడే అర్హత పోతుంది. హారికకు ఇదే ఆఖరి సెమిస్టర్, అంటే ఆఖరి సీజన్ కూడా.

సన్‌బరీ మీదుగా కాల్డర్ ఫ్రీవే ఎక్కితే గంటా ముప్పావు ప్రయాణం, టోల్ లేదు. ఏడింటికి బయల్దేరాం. మాసిడన్ కొండ దగ్గర పొగమంచులో ముందు కారు దీపాలు తప్ప ఏమీ కనబడలేదు. కైన్‌టన్‌లో ఫ్రీవే దిగి ఒక బేకరీలో ఆగాం. రెండు కాఫీలు, కర్రీ పఫ్ లాంటి ఒక వెజిటబుల్ పాస్టీ కలిపి ఇరవై డాలర్ల లోపే. హారిక తినకుండా పాస్టీ పొరలు ఊడదీస్తూ కూర్చుంది.

“అసలావిడ ఎందుకు ఆపింది?” అని అప్పుడడిగాను.

“పోయిన సీజన్ అయిపోంగనే, మళ్లొస్తవా అని అడిగింది అత్తా. వస్త కోచ్ అన్న.”

“అప్పటికే మారాలనుకున్నావు కదనే?”

“అనుకున్న. గంత ప్రేమగ అడిగితే మొహం మీద రానని ఎట్ల చెప్పాలె?”

నాకు కోపం రావాలి, రాలేదు. మా ఇంట్లో ఎవరికీ ఆ విద్య అబ్బలేదు మరి.

హార్కోర్ట్ ఆపిల్ తోటలు దాటాక ఎండ వచ్చింది. స్టేడియం దగ్గర పార్కింగ్ ఉచితం. లోపల ప్రాక్టీస్ జరుగుతోంది. కోచ్ జూడీ అరవై దాటిన మనిషి, స్కూల్లో ఆటల టీచర్‌గా చేసి రిటైరయ్యారట. హారికను చూడగానే వచ్చి గట్టిగా కావలించుకున్నారు. నేను సకినాల డబ్బా చేతిలో పెట్టాను. ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం.

“టీమ్‌లో పది మందికే చోటు. నీ చోటు ఖాళీగా ఉంచాను,” అన్నారావిడ ఇంగ్లీషులో, నెమ్మదిగా. “ఎల్లీ అనే అమ్మాయి అడిగితే, హారిక వస్తానంది అని తిప్పి పంపాను. నీ క్లియరెన్స్ అడుగుతూ మెసేజ్ వచ్చినప్పుడు ఏదో పొరపాటనుకున్నాను. ఫోన్ చేస్తే నువ్వు తీయలేదు. నీ నోటితో వినకుండా ఎలా వదిలేయను?”

హారిక నా వైపు చూసింది. మామూలుగా అయితే ఇలాంటప్పుడు నేనే కల్పించుకుని ఏదో సర్దిచెబుతాను. ఆ రోజు నోరు బిగించుకుని కూర్చున్నాను.

“ఐ యామ్ నాట్ కమింగ్ బ్యాక్, కోచ్,” అంది చివరికి. “సారీ. మీరంటే చాలా ఇష్టం, అందుకే చెప్పలేకపోయాను.”

జూడీ తలూపి, అక్కడికక్కడే ఫోన్‌లో క్లియరెన్స్ ఇచ్చేశారు. తర్వాత ఎల్లీ నంబర్ కలిపి ఫోన్ హారిక చేతికిచ్చారు. “చోటు ఖాళీ అయిందని నువ్వే చెప్పు,” అన్నారు. హారిక చెప్పింది. అవతలి అమ్మాయి సంతోషంతో వేసిన కేక నాకూ వినబడింది.

తిరిగి వస్తూ హారిక చాలాసేపు ఏడ్చింది. “తిట్టినా బాగుండు అత్తా,” అంది. ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో మా పిల్ల తల నిమిరాను.

పెద్దల మాట కాదనకపోవడమే గౌరవమని మనం పిల్లలకు నేర్పుతాం. ఆ గౌరవం వల్ల ఒక అమ్మాయి ఆడకుండా ఇంట్లో కూర్చుంది. ఒక పెద్దావిడ, రాని మనిషి కోసం చోటు పట్టుకుని ఎదురుచూసింది. హారిక ఆ రోజు చెప్పిన ‘రాను’లో ఉన్నంత గౌరవం అంతకుముందు చెప్పిన ‘వస్తాను’లో లేదని ఇప్పుడనిపిస్తోంది.

టీమ్ మారే పిల్లలున్న ఇళ్లకు ఒక్క సలహా. క్లియరెన్స్ అడగకముందే పిల్లల్ని పాత కోచ్ దగ్గరికి తీసుకెళ్లండి. ఎంత దూరమైనా మీరే డ్రైవ్ చేయండి. అక్కడికి వెళ్లాక మాత్రం మాట్లాడకండి.