నేను రైలెక్కనివ్వని పిల్ల

మా పక్కింటి కోడలు పోయింది. ఖరిదా బజారులో నా గాజుల కొట్టు షట్టరు సగం ఎత్తానో లేదో, మా ఆయన ఫోను చేసి, "కొట్టు మూసీసి వొచ్చీ. పక్కింటి పిల్ల ప్రాణం తీసుకుంది" అన్నాడు. ఇరవై మూడేళ్ళ పిల్ల. శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె నుంచి, ఈ బెంగాలీ ఊళ్ళో సుభాష్‌పల్లిలోని మా తెలుగువాళ్ళ వీధికి కోడలిగా వచ్చి రెండేళ్ళు దాటిందంతే. ఎలా పోయిందో ఇక్కడ రాయను. ఎలా బతికిందో, మేము ఎలా బతకనివ్వలేదో రాస్తాను.

వచ్చిన కొత్తలో అత్తగారితో కలిసి గాజులకు వచ్చింది. నా మాట విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. "ఏటే నవ్వుతన్నావు?" అంటే, "మీ తెలుగు అచ్చం మా తాతమ్మ తెలుగులాగున్నాది పిన్నీ" అంది. నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే నిజమే. మా తాతలు రైల్వే వర్క్‌షాపులో పనికని ఇక్కడికి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న తెలుగే మాది. భాషతో పోతే బాగుండేది, కట్టుబాట్లు కూడా అప్పటివే. సొంతూళ్ళో వాళ్ళు ఎప్పుడో వదిలేసినవాటిని మేమింకా పట్టుకు వేలాడుతున్నాం. పరాయి చోట ఉన్నాం కదా, వదిలేస్తే మనం మనం కాకుండా పోతామని భయం.

అందులో ఒకటి, పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్తేనే కోడలు పుట్టింటికి వెళ్ళాలి. ఒంటరిగా వెళ్ళిందంటే మొగుణ్ణి వదిలేసి పోయినట్టే. ఆ పిల్ల తండ్రికి పక్షవాతం, మంచం దిగడు. తల్లి ఆయన్ని కనిపెట్టుకుని ఉండాలి. అన్నదమ్ములు లేరు. ఇక తీసుకెళ్ళడానికి ఎవరొస్తారు? "మా ఊర్లో ఆడపిల్లలు ఒక్కలే బస్సెక్కి వొచ్చెస్తారు పిన్నీ. ఇదేటి సోద్యం!" అనేది.

మొగుడు ఊరవతల ఇండస్ట్రియల్ పార్కులో షిఫ్టు చేసి వచ్చి పడుకుంటాడు. చెడ్డవాడు కాదు, కానీ పలకడు. ఆ పిల్ల తన తల్లితో ఫోను మాట్లాడాలంటే స్పీకరు పెట్టి అత్తగారి ఎదుటే మాట్లాడాలి. "బాగున్నానమ్మా" అనక ఏం చెబుతుంది? డిగ్రీ మధ్యలో మానిపించి పెళ్ళి చేశారు. మళ్ళీ చదువుతానంటే ఇప్పుడెందుకన్నారు. నెలనెలా "ఏటైనా విశేషమా?" అని అడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను.

బెంగాలీ రాదు. నా కొట్టుకొస్తే ఎదురు దుకాణం బోర్డు చూపించి ఒక్కో అక్షరం అడిగి నేర్చుకునేది. గాజులు కొనే దీదీలతో రెండు ముక్కలు మాట్లాడేసి గర్వంగా నావైపు చూసేది. చేతులు ఊరుకోవు, కలిసిపోయిన గాజులన్నీ సైజుల వారీగా సర్దిపెట్టేది. ఆ నెలల్లో నాకు వెతుకులాట లేకుండా పోయింది. ఒకసారి అలా సర్దుతూనే, "ఇంటినిండా మనుసులే పిన్నీ. మాటే లేదు" అంది. "కడుపు పండితే మాటలదేటి, అరుపులే వొస్తాయిలే" అన్నాను. నా నోరు పడిపోను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, వైజాగు నుంచి వస్తున్న మా చెల్లిని దింపుకుందామని ఉదయం పూట స్టేషనుకు వెళ్ళాను. బెంచీ మీద ఈ పిల్ల. ఒళ్ళో గుడ్డసంచి.

"ఏటే పిల్లా, ఇక్కడేటి సేస్తన్నావు?"

"అమ్మ కాడికి ఎల్తన్నాను పిన్నీ. నాలుగు రోజులుండి వొచ్చెస్తాను."

"తీసుకెల్డానికి ఎవులొచ్చినారు?"

"ఎవులొస్తారు? ఇక్కడే ఉంటే నాకేటో అయిపోతాది పిన్నీ. బతకాలని అనిపించడం లేదు."

ఆ మాట నా చెవిన పడింది. పడలేదని అబద్ధం ఆడను. కానీ నాకు ఆ పూట వినిపించింది వీధిలో రేగబోయే రగడ. "ఓలమ్మో, అలాటి మాటలనకు. నువ్విలాగెల్లిపోతే మీ అమ్మ నలుగుర్లో తలెత్తుకోగల్దేటి?" అన్నాను. అమ్మ పేరెత్తేసరికి లేచి నిలబడింది. టీ తాగించాను. మా చెల్లితోపాటు టోటో రిక్షా ఎక్కించి ఇంటికి తెచ్చాను.

వాళ్ళత్తగారు నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు కాబట్టి సూసినావు వొదినా, పరువు నిలబెట్టినావు" అని, కోడలి వైపు తిరిగి, "నాను నాలుగేళ్ళు మా అమ్మ మొకం సూళ్ళేదు. సచ్చిపోనానేటి?" అంది. ఆవిడా అలా వచ్చిన పిల్లే. ఆవిడ ఏడుపు ఎవరూ వినలేదు కాబట్టి, వినిపించుకోవడం ఆవిడకు రాలేదు. నేనైతే పొంగిపోయాను. నాలుగు రోజులపాటు కొట్టుకొచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాను కూడా.

తర్వాత ఆ పిల్ల కొట్టుకు రాలేదు, రానివ్వలేదు. గోడ మీంచి కనిపిస్తే "బాగున్నావేటే?" అనేదాన్ని. "ఠీక్ హై పిన్నీ" అనేది. నాకు కావలసిందీ ఆ జవాబే కాబట్టి నా పని చూసుకునేదాన్ని. నెలన్నర తిరక్కుండానే కబురు వచ్చింది.

ఇదిగో ఇందువల్ల పోయింది అని ఒక్క వేలు చూపించలేను. అందరం తలా ఒక తలుపు మూశాం. వీధిలో కొందరు "తిండికి తక్కువా, గుడ్డకి తక్కువా, పిరికిది" అన్నారు. "నోర్ముయ్యండి" అని అరిచేశాను. ఆ ధైర్యమేదో స్టేషన్లో రావలసింది. ఇది చదివేవాళ్ళకు ఒక్కటే చెప్పుకుంటాను. బతకాలని లేదని ఎవరైనా పిల్ల మీతో అంటే బుద్ధులు చెప్పకండి. పక్కన కూర్చుని అడగండి, చివరిదాకా వినండి. ఒంటరిగా వదలకండి. డాక్టరుకు చూపించండి. తల్లి దగ్గరికి వెళ్తానంటే మీరే వెంట వెళ్ళి దిగబెట్టి రండి.

కబురు అందాక ఆ పిల్ల తల్లి, మొగుణ్ణి పక్కింటివాళ్ళకు అప్పజెప్పి, ఒక్కతే రైలెక్కి వచ్చింది. ఎవరితో వచ్చావని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. దినం అయ్యాక మా గుమ్మంలోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నా పిల్ల టేసన్లో దారి తప్పిపోతే నువ్వేనట గదమ్మా, టీ తాగించి ఇంటికి సేర్సినావు. నీ రునం తీర్సుకోలేను" అంది.

ఎవరు చెప్పారో అలా చెప్పారు. ఊరుకుంటే ఊరుకోవచ్చు. నా వల్ల కాలేదు.

"దారి తప్పలేదమ్మా. నీ కాడికే వొస్తంది. నానే ఆపీసినాను."

చెయ్యి లాక్కుంటుందనుకున్నాను. లాక్కోలేదు. "టిక్కెట్టు తీసుకుందా?" అని అడిగింది.

"తీసుకుంది."

"ఏ బండికి?"

చెప్పాను. ఆవిడ వేళ్ళు మడుస్తూ ఒక్కో స్టేషనూ లెక్కపెట్టుకుంది. చివరి వేలు మడిచి, "అయితే దీపాలేలకి ఇంటికొచ్చెసేది" అంది.