కల్లు సీసాలో మజ్జిగ: నాచారంలో నాలుగు రోజులు

నేను రాసిన కరపత్రం చదివి ఒక్కరు కూడా బాగుపడలేదని హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంత నిజాయితీ గల సమీక్ష నాకు అంతకుముందు రాలేదు.

మంగళగిరిలో నేను సైన్సు మాస్టారిని. సెలవుల్లో ఆరోగ్యం మీద కరపత్రాలు రాస్తాను. పొగాకు మానండి, నీళ్లు బాగా తాగండి, మందులు మధ్యలో ఆపకండి అని ఒక పేజీ నింపడం నాకు అన్నం తిన్నంత తేలిక. నాచారం పారిశ్రామికవాడలో కూలీల ఆరోగ్యం చూసే చిన్న స్వచ్ఛంద సంస్థ ఒకటి ఆ పేజీని అచ్చు వేయించి, ఏడాదిపాటు పంచింది. ఖైనీ తగ్గలేదు, కల్లు తగ్గలేదు, మందులు ఆపేసేవాళ్లు తగ్గలేదు. మీరే వచ్చి చూసి ఇంకోటి రాయండి, రానూపోనూ ఛార్జీలు ఇస్తాం అని ఉత్తరం. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. వేసవి సెలవులు. ఛార్జీలు ఇస్తామన్నారు కదా అని బయల్దేరాను.

సోమవారం ఉదయం ఆరు కాకముందే గుంటూరులో నడికుడి మీదుగా సికింద్రాబాదు వెళ్లే బండి ఎక్కాను. జనరల్ పెట్టె. పిడుగురాళ్లలో ఇడ్లీ కొన్నాను, మిర్యాలగూడ దాకా నమిలాను. నల్గొండలో ఎక్కిన ఒక పెద్దాయన నేను నాచారం వెళ్తున్నానని విని, సికింద్రాబాదు దాకా పోవద్దని సలహా ఇచ్చాడు. మౌలాలి దగ్గర బండి సిగ్నల్ కోసం ఆగుతుందట, అక్కడ దిగితే గంట కలిసొస్తుందట. పదిన్నరకు బండి నిజంగానే ఆగింది. ప్లాట్‌ఫాం లేని చోట, రెండు పట్టాల నడుమ, పెట్టెలో సగంమంది దూకారు. చంటిపిల్లను ఎత్తుకున్న ఆవిడ కూడా దూకింది. ప్రమాదం అని నాకు తెలుసు. పిల్లలకు రోడ్డు భద్రత పాఠం చెప్పేది నేనే. అయినా అందరూ దిగుతుంటే నేనొక్కణ్ణే కూర్చోవడం సిగ్గనిపించి, సంచీ ముందు విసిరి నేనూ దూకాను. మోకాలు చెక్కుకుపోయింది. నా తర్వాత వెళ్లేవాళ్లు సికింద్రాబాదులోనే దిగండి.

మౌలాలి నుంచి సెవెన్ సీటర్ ఆటోలో నాచారం. ఏడుగురి బండిలో పదకొండుమందిమి. సంస్థ ఆఫీసు ఒక పాలకేంద్రం పైన రెండు గదులు. అక్కడ నాకు దారి చూపించే మనిషి సుగుణ. మోత్కూరు వైపు నుంచి వచ్చి, మందుల కంపెనీ ప్యాకింగులో ఆరేళ్లు చేసి, ఇప్పుడు సంస్థ తరఫున బస్తీలు తిరుగుతోంది. నా కరపత్రం తానే పంచానని చెప్పింది. ఎలా ఉందని అడిగాను. అక్షరాలు పెద్దగా, బాగున్నాయంది.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళకు ఒక కంపెనీ గేటు దగ్గర వేపచెట్టు కింద ఆడవాళ్లను కలిశాం. రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగాలని నేను రాసిన సంగతి సుగుణ వాళ్లకు గుర్తు చేసింది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. అందరిలోకి పెద్దావిడ టిఫిన్ మూత పెడుతూ నన్ను అడిగింది.

"ఎనిమిది గిలాసలు తాగి ఏడికి పోవాలె సార్?"

షెడ్డుకంతటికీ ఒకటే మరుగుదొడ్డి. తాళం సూపర్‌వైజర్ జేబులో. అతణ్ణి అడగాలి, అతను గడియారం చూడాలి. అందుకని పొద్దున ఇంట్లో చాయ్ తాగి, మళ్లీ సాయంత్రం ఇంటికొచ్చాకే నీళ్లు ముట్టుకుంటారు. ముగ్గురికి మూత్రంలో మంట, ఒకావిడకు కిడ్నీలో రాళ్లు. ఖైనీ సంగతి కూడా అలాంటిదే. దవడలో చిటికెడు పెట్టుకుంటే ఆకలి తెలియదు, రసాయనం వాసన తెలియదు, సూపర్‌వైజర్ మాటలు కూడా సగమే వినిపిస్తాయని ఒకమ్మాయి చెప్పింది. పొగాకు ఎందుకు తింటారు అన్న ప్రశ్నకు నా కరపత్రంలో నేను రాసిన జవాబు 'అజ్ఞానం'. ఆ కాగితం సంచీలోనే ఉంచాను, బయటికి తీయలేదు.

రాత్రి బస ఉప్పల్ రింగురోడ్డు దగ్గర లాడ్జి. రోజుకు నూట ఇరవై. ఫ్యాను తిరుగుతుంది గాని గాలి రాదు. కింద మెస్సులో పప్పు బాగుంది, సాంబారు అడగకండి.

మంగళవారం సుగుణ నన్ను ఎల్లేశ్ దగ్గరికి తీసుకెళ్లింది. దారిలోనే అతని సంగతి చెప్పింది. జనగామ వైపు మనిషి, ముప్పై ఐదేళ్లు, బాయిలర్ దగ్గర కాంట్రాక్టు కూలీ. టీబీ తేలింది. సర్కారు దవాఖానాలో వారానికి మూడు రోజులు వెళ్లి, వాళ్ల ఎదురుగా మాత్రలు మింగాలి. రెండు నెలలు బుద్ధిగా మింగాడు. నెల రోజుల నుంచి మానేశాడు. కల్లు మాత్రం రోజూ తాగుతున్నాడు. అతనుండే గదిలో ఇంకో ఇద్దరు కూలీలు, ఒకతని భార్య, ఏడాది పిల్ల. సుగుణకు నిద్ర పట్టనిది ఆ పిల్లను తలచుకునే.

సాయంత్రం ఐదున్నరకు కల్లు కాంపౌండ్‌లో దొరికాడు. తాటాకు పందిరి, పొడుగు బెంచీలు, సీసాలు, ఈగలు. సుగుణ బయటే, గేటు పక్కన గుగ్గిళ్లు అమ్మే మణెమ్మ బండి దగ్గర ఆగిపోయింది. నేను లోపలికి వెళ్లి నా పరిచయం చెప్పుకుని, సైన్సు మాస్టారి గొంతుతో మొదలుపెట్టాను. మందు మధ్యలో ఆపితే క్రిములు మొండికెత్తుతాయి, తర్వాత ఏ మందుకూ లొంగవు, ఇంట్లో పిల్లలకు అంటుతుంది అన్నాను. అతను ఓపిగ్గా విన్నాడు. అన్నీ తెలుసన్నాడు. నేను చెప్పనివి రెండు తానే కలిపాడు. నా పని అక్కడితో అయిపోయింది.

తర్వాత అతను ఒక సీసా నా వైపు జరిపాడు. వద్దన్నాను. ఆంధ్రా సారుకు మా కల్లు పనికిరాదా అని నవ్వాడు. అలా కాదని చెప్పబోయి, నోరు జారి అసలు మాట చెప్పేశాను. నాకు చక్కెర జబ్బు. రెండేళ్లయింది. మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. ఆరోగ్యం మీద కరపత్రాలు రాసేవాడికి చక్కెర జబ్బేమిటని స్టాఫ్‌రూంలో నవ్వుతారని దాచాను. హెడ్మాస్టరు కూతురి పెళ్లిలో అనుమానం రాకూడదని రెండు లడ్లు, మూడు జాంగ్రీలు తిని, ఆ రాత్రి కళ్లు తిరిగి పడ్డాను కూడా.

ఎల్లేశ్ చాలాసేపు నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగాక, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"నాకు గీ కల్లు మీద పానమేం లేదు సార్. ఇంత బక్కగైన, ఇంత దగ్గుతున్న. ఏమైందని అడుగుతరు గద. తాగుబోతోడు అనుకుంటె పక్కన కూసుంటరు, తిడుతరు, మల్ల కూసుంటరు. టీబీ అంటె ఎవ్వడు కూసోడు."

జబ్బు తేలిన కొత్తలో అన్న ఇంట్లో ఉండేవాడట. నిజం చెప్పాడు. వదిన మర్నాటి నుంచి అతని కంచం, చెంబు గుమ్మం బయట పెట్టింది. ఆమె తప్పు కాదంటాడు, పిల్లలున్న ఇల్లు. కానీ పండక్కి అందరూ లోపల తింటుంటే అతను మెట్ల మీద తిన్నాడు. ఆ మర్నాడే గది మారాడు. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. దవాఖానా ఏమో బస్టాపు ఎదురుగా ఉంది. పది గంటలకు టీబీ వాళ్లు ఈ లైనులోకి రండి అని అరిచి పిలుస్తారు. వేరే షిఫ్టులకు వచ్చిపోతూ బస్టాపులో నిలబడేదంతా అతని ఫ్యాక్టరీ మనుషులే. ఒకరోజు వాళ్లలో తెలిసినవాడు అటే చూస్తుంటే లైనులోంచి జారుకున్నాడు. ఆ రోజు నుంచి మళ్లీ వెళ్లలేదు. పైగా పదింటికి దవాఖానాలో ఉంటే ఎనిమిదింటి గేటు పోయినట్టే, వారానికి మూడుసార్లు పోతే కాంట్రాక్టరు ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు.

నేను వెళ్లింది జబ్బు గురించి తెలియని మనిషికి తెలియజెప్పడానికి. ఇతనికి జబ్బు గురించీ మనుషుల గురించీ నాకంటే బాగా తెలుసు. అలా తెలియబట్టే మానేశాడు. పాఠం చెప్పడం తప్ప ఏమీ చేతగానివాడిలా బెంచీ మీద కూర్చున్నాను.

బయటికొచ్చి సుగుణకు చెప్పాను. ఆవిడ నాలా కూర్చోలేదు. మాత్రలు దవాఖానాలోనే మింగాలని లేదు, బాధ్యత తీసుకునే మనిషి ఎవరైనా ఎదురుగా మింగించవచ్చు, ఆ మనిషి ఇంట్లోవాళ్లు కాకూడదు, అంతే. రోజూ చూసే మనిషి ఎవరున్నారు అని ఎల్లేశ్‌ను పిలిచి అడిగింది. అతను గుగ్గిళ్ల బండి వైపు చూశాడు.

మణెమ్మకు యాభై ఏళ్లుంటాయి. విషయం వినగానే ఒప్పుకోలేదు. ఈ జబ్బు మాట బయటికొస్తే తన బండి దగ్గర ఎవరు తింటారని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. సుగుణ బతిమాలలేదు, పక్కన నిలబడింది. ఇద్దరు గిరాకీలకు గుగ్గిళ్లు కట్టిచ్చాక మణెమ్మే మళ్లీ మాట ఎత్తింది.

"ఎట్లయిన రోజు నా బండి కాడనే దగ్గుతుండు. గోలీలేసుకోని దగ్గితె నాకేం నష్టం? గని కల్లు బందు జెయ్యాలె. తాగినోనికి నేను గోలీలియ్య."

ఇక్కడ ఎల్లేశ్ మొండికేశాడు. కల్లు మానడానికి కాదు, కాంపౌండ్ మానడానికి. సీసా చేతిలో లేకపోతే ఈ దగ్గుకు అర్థమేం చెప్పాలి? బెంచీ మీద తన చోటు ఏమవుతుంది? దీని మీద పావుగంట తర్జనభర్జన పడ్డాం. చివరికి మణెమ్మే ఎండలకు ఇంట్లో మజ్జిగ చేస్తానని, పల్చగా చేస్తే చూసేవాడికి తేడా తెలియదని అంది. ఖాళీ కల్లు సీసాలో మజ్జిగ పోసి తెస్తుంది, అతను దాన్నే లోపలికి తీసుకెళ్లి కూర్చోవాలి. నేను నా జీవితంలో చాలా ఆరోగ్య సూత్రాలు రాశాను గాని ఇలాంటిది ఒక్కటీ తట్టలేదు. వారానికి ఒక్క రోజైనా నిజం సీసా ఇప్పించమని ఎల్లేశ్ బేరమాడాడు. మణెమ్మ గరిటె చూపించింది.

బుధవారం కరెంటు కోత వల్ల ఫ్యాక్టరీకి సెలవు. బస్టాపు ఖాళీ. ఎల్లేశ్ మొహానికి తువాలు చుట్టుకుని నా వెంట దవాఖానాకు వచ్చాడు. నేను ముందు వెళ్లి, అతణ్ణి కాస్త మెల్లగా పిలవమని అక్కడి సిస్టరును అడిగాను. మధ్యాహ్నం లోపు నలభైమంది ఉంటారు, మెల్లగా పిలిస్తే ఎవరికీ వినపడదు సార్ అంది. కోపంగా కాదు, అలసటగా. కానీ ఎల్లేశ్ వంతు వచ్చినప్పుడు కుర్చీలోంచి లేచి, తానే బయటికొచ్చి, చెయ్యి ఊపి పిలిచింది. ఎందుకు మానేశావని గదమాయించడం మాత్రం మానలేదు. అతను తల వంచుకుని, తాగుడు వల్ల అన్నాడు. అక్కడ కూడా అదే చెప్పాడు. నేను నోరు తెరవబోతే నా చెయ్యి నొక్కాడు.

తెమడ మళ్లీ పరీక్షకు ఇచ్చాం. గురువారం ఫలితం వచ్చింది. క్రిములు ఇంకా ఉన్నాయి, మందులు మళ్లీ మొదటి నుంచి. కార్డులో మాత్రలు మింగించే మనిషి చిరునామా ఏం రాయాలని సిస్టరు అడిగితే గుగ్గిళ్ల బండి, కల్లు కాంపౌండ్ గేటు అని సుగుణ చెప్పింది. సిస్టరు మొదటి ముక్క మాత్రం రాసుకుని, మాత్రల డబ్బా సుగుణ చేతికిచ్చింది. గదిలో పిల్ల సంగతి కూడా సుగుణే తేల్చింది. బరువులు చూసే వంకతో ఆ పిల్లను డాక్టరుకు చూపించింది, ఏమీ లేదన్నారు. ఎండాకాలం గనక ఎల్లేశ్‌ను డాబా మీద పడుకోమంది. అందరూ అక్కడే పడుకుంటారు, ఎవరికీ అనుమానం రాదు. కొంచెం దూరంగా పడుకోవాలి, అంతే.

ఆ సాయంత్రం నేను చూస్తుండగానే మణెమ్మ పొట్లంలో గుగ్గిళ్లు కట్టి, పైన మాత్రలు పెట్టి ఇచ్చింది. అతను ఆమె ఎదురుగా ఒక్కొక్కటీ మింగి, మజ్జిగ సీసా పట్టుకుని లోపలికి వెళ్లి, తన చోట కూర్చున్నాడు. పక్కవాడు అతని భుజం మీద చెయ్యేశాడు.

శుక్రవారం తొమ్మిదింటికి ఉప్పల్‌లో సిటీ బస్సెక్కి ఎల్.బి. నగర్, అక్కడ విజయవాడ బస్సు. కిటికీ పక్క సీటు, ఎండ నా వైపే. ముందే చెప్పేస్తాను, ఎల్లేశ్ ఆ మందులన్నీ పూర్తి చేశాడు. ఖైనీ మాత్రం షెడ్డులో ఎవరూ మానలేదు. మరుగుదొడ్డి తాళం సూపర్‌వైజర్ జేబులోంచి రావడానికి ఆడవాళ్లు ఏడాదికి పైగా గొడవపడ్డారు. నేను మళ్లీ కరపత్రం రాయలేదు. సంస్థ అడిగితే, అచ్చు ఖర్చుతో ఆ షెడ్డు దగ్గర ఇంకో దొడ్డి కట్టించండి అని జవాబు రాశాను. వాళ్లకు అది నచ్చలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు సూర్యాపేటలో భోజనాలకు బస్సు ఆగింది. హోటల్ పక్క ఎస్టీడీ బూత్ నుంచి సంస్థకు ఫోన్ చేశాను, ఛార్జీల సంగతి అడుగుదామని. సుగుణ ఎత్తింది. ఛార్జీల మాట ఆవిడ వినిపించుకోలేదు. నిన్న మేం వెళ్లిపోయాక, చీకటి పడే ముందు, కాంపౌండ్‌లోంచి ఒకతను మణెమ్మ బండి దగ్గరికి వచ్చాడట. ఎల్లేశ్‌కు ఇచ్చిన గోలీలు ఏ రంగువని అడిగాడట. ఆమె చెప్పలేదు. అతనే చెప్పాడు. అదే రంగువి, ప్రైవేటు డాక్టరు రాస్తే కొన్నవి, తన దగ్గర ఆరు నెలల నుంచి ట్రంకుపెట్టె అడుగున ఉన్నాయి, తనకు కూడా ఇట్లనే ఇస్తావా అని అడిగాడట.

ఎవరతను అన్నాను.

"ఎల్లేశ్ పక్కన కూసుంటడు సూడు సార్, భుజం మీద చెయ్యేసిండే, గాయినె."

బస్సు హారన్ కొడుతున్నా ఫోన్ పెట్టలేకపోయాను. నెలల తరబడి ఒకే బెంచీ మీద, భుజాలు తగిలేలా కూర్చుని, ఆ ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు చోటు పోగొట్టుకోకూడదనే తాగుతున్నారు.