మామ మెడలో రిమోట్

ఏడో తరగతిలో లెక్కల అయ్యవారు నన్ను బయట నిలబెట్టాడు. నేను బయటే ఉండిపోయాను. అట్లాంటి నా చేతికి పది టన్నుల బండను లేపే పని ఇచ్చారంటే, జమ్మలమడుగు దారిలోని ఆ బండల ఫ్యాక్టరీకి మనుషులు ఎంత కరువో మీరే అర్థం చేసుకోండి.

మొదట్లో క్రేనుకు తోకలా వైరు వేలాడేది. దాని కొసనున్న బటన్లు నొక్కుతూ బండ పక్కనే నడవాలి. గొలుసు తెగితే పారతో ఎత్తుకోవాల్సిందే మనిషిని. అందుకని వైరు లేని రిమోట్ తెచ్చారు. పసుపు పెట్టె, మెడలో వేసుకునే బెల్టు, పైన ఎర్ర బొడిపె, ఆన్‌లో ఉన్నంతసేపూ మిణుకుమనే చిన్న దీపం.

బెంగళూరు మెకానిక్ మూడు రోజులు నేర్పాడు. తాళం తిప్పి స్టార్టు నొక్కితే ముందు హారన్ మోగుతుంది, కిందివాళ్లు తప్పుకోవడానికి. బటన్ మీద వేలు ఉన్నంతవరకే క్రేను కదులుతుంది. ఎర్ర బొడిపె కొడితే అంతా బంద్. రిమోట్ దూరం పోయినా, బ్యాటరీ అయిపోయినా క్రేను తనంతట తానే బ్రేకు వేసుకుంటుంది. ఒక రిమోట్ మాట ఒక క్రేనే వింటుంది, పక్కది ఉలకదు.

"మా పార్టీలోళ్ల మాదిరే ఉందే సార్," అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఆన్‌లో ఉన్న రిమోట్ ఇంకొకరికి ఇవ్వొద్దు. పక్కకు పోతే తాళంచెవి నీ జేబులో ఉండాల," అన్నాడు.

బండకు గొలుసు కట్టేది మామ. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే. పులివెందుల వైపు పల్లెవాడు. కుడి అరచేత్తో బండను చరిచి, ఆ చప్పుడు విని, పగులు ఎక్కడుందో చెప్పేవాడు. ఆ చెయ్యి కోసమే మా ఓనరు అతన్ని పెట్టుకున్నాడు, లేకుంటే గేటు దాటనిచ్చేవాడు కాదు. మామ ఊరంతా ఎదుటి పార్టీ. రెండు పార్టీలకూ రాజీ కుదిరిన ఏడాది పెండ్లాంతో వచ్చి, ఫ్యాక్టరీ వెనక రేకుల కొట్టంలో కాపురం పెట్టాడు. ఆ చెయ్యి పనిచేసినన్నాళ్లే ఆ కొట్టం.

మామ తమ్ముడు బాంబు దెబ్బకు పోయాడు. రిమోట్‌తో బాంబులు పేలుస్తారని ఆ రోజుల్లో ప్రతి టీకొట్లోనూ చెప్పుకునేవాళ్లు. ఇంకేముంది, నా పెట్టెలో దీపం మిణుకుమంటే చాలు, మామ గండి ఆంజనేయస్వామి తాయెత్తు పట్టుకునేవాడు. నేను వెనకనుంచి పోయి స్టార్టు నొక్కి హారన్ మోగించేవాణ్ని. మామ ఎగిరిపడేవాడు. పాలిషింగు షెడ్డంతా నవ్వేది. రోజుకు నాలుగుసార్లు, టీ మాదిరి.

ఎలక్షన్లు దగ్గరపడ్డాయి. ప్రొద్దుటూరులో మీటింగు చూసుకొని ఓనరు రెండు జీపుల మందితో వస్తున్నాడని కబురు. మంది ముందర ఒక నవ్వు పుట్టించాలని నాకు దురద. బండ అడుగెత్తున వేలాడుతోంది, మామ వంగి గొలుసు చూస్తున్నాడు. వెనకనుంచి పోయి బెల్టు అతని మెడలో వేశాను.

"ఈ పొద్దు నువ్వే డ్రైవరు మామా. ముట్టుకున్యావంటే పేలుతాది, చూసుకో!"

"తియ్యప్పా! నీకు దండం పెడ్తా, తియ్యప్పా!"

"యాడిది? పొద్దుగూకేదాకా అట్లే ఉండల్ల."

షెడ్డు పగలబడి నవ్వింది. మామ రెండు చేతులూ గాల్లోకెత్తి, పెట్టెకు తగలనీయకుండా గేటు వైపు పరుగెత్తాడు. అప్పుడే జీపులు ఆగాయి. ఓనరు చెబితే నేను తీస్తానని అతని ఆశ.

"అప్పా! పేలుతాదంట! పేలుతాదంటప్పా!"

ఓనరు మనుషులకు కనబడింది ఎదుటి పార్టీ ఊరివాడు, మెడలో మిణుకుమనే పెట్టె. ఒకడు ఓనరును జీపులోకి తోశాడు. ఇంకొకడు బండలు కదిలించే ఇనప గడారి విసిరాడు. అది మోకాలికి తగిలి మామ బోర్లా పడ్డాడు. ఛాతీ కింద ఎర్ర బొడిపె దిగిపోయింది. దీపం ఆరింది. క్రేను పూర్తిగా బంద్. మామ పక్కకు పొర్లి, మొదటిసారి కుడి చేత్తో ఆ బెల్టు పట్టుకున్నాడు, తీసేద్దామని.

"నొక్కుతాండాడు! నొక్కుతాండాడు!"

ఆ చెయ్యి మీద రాయి వేశారు. తర్వాత ఇంకొకటి.

అది క్రేనుదని అరవడానికి నాకు ఒక్క ఊపిరి చాలు. మొహం మీద నవ్వు ఇంకా ఉంది, నేను అరవలేదు. అరిచింది కొట్టంలోనుంచి పరుగెత్తుకొచ్చిన మామ పెండ్లాం. "అది క్రేను రిమోటప్పా! బాంబు కాదప్పా!" అప్పటికి మూడో రాయి కూడా పడింది.

ఓనరు జీపు దిగాడు. "వాని మెడలో ఎవుడేసినాడ్రా?"

షెడ్డు మొత్తం నేల చూసింది.

"వాడే తగిలిచ్చుకున్న్యాడప్పా. నేను టీకి పోయింటి," అన్నాను.

మామ కింద పడుకొనే నన్ను చూశాడు.

"ఆస్పత్రికి జీపు తిప్పండి. చెయ్యి పాయ, ఇంగ కొట్టంలో వీళ్లతో ఏం పని? నువ్వు ముందు బండ దించు," అన్నాడు ఓనరు.

మామ మెడలోనుంచి రిమోట్ నేనే తీశాను. బొడిపె తిప్పి లేపి, స్టార్టు నొక్కాను. హారన్ మోగింది. మామ మిగిలిన చెయ్యి తల మీద పెట్టుకొని ముడుచుకుపోయాడు.

షెడ్డులోనుంచి ఎవరో, అలవాటుగా, నవ్వారు.