పెద్దమ్మ స్టీరింగు వదలని రోజు

నా చిన్నప్పుడు, అంటే మేమింకా సింగపూరుకు రాకముందు, పక్కనే మలేషియాలోని జొహోర్‌లో ఒక రబ్బరు తోటలో ఉండేవాళ్లం. పెద్దనాన్న పోయాక, ఆయన ఉద్యోగానికిచ్చిన ఇల్లు పెద్దమ్మ ఖాళీ చేయాల్సి వచ్చింది. చుట్టాలందరూ తమ ఇంటి వెనక గదిలో ఉండమన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. దూరంగా పశువుల ఫారంలో పనివాళ్ల పిల్లలకు చదువు చెప్పే పని చూసుకుంది. ఉండటానికి, ఎవరో దొర వదిలేసి వెళ్లిన చక్రాల ఇల్లు సంపాదించింది. జీపు వెనక తగిలించి లాక్కెళ్లే ట్రెయిలరు అది. లోపల ఓ మంచం, ఓ పొయ్యి. పెద్దమ్మకు జీపు నడపడం వచ్చుగానీ, ట్రెయిలరు లాగడం అదే మొదలు.

బయలుదేరిన రోజు ఎండ నిప్పులు చెరిగింది. తోడుగా బాబాయి ముందు సీట్లో కూర్చున్నాడు. బడి సెలవులు కాబట్టి వెనక నేను. ఊళ్లు దాటాక ఎర్రమట్టి బాట మొదలైంది. రెండు పక్కలా ముళ్లకంచె, దాని వెనక కనుచూపుమేర గడ్డి, నీడ దొరికిన చోటల్లా గుంపుగా ఆవులు. బాబాయి దారిపొడుగునా "మెల్లగా, మెల్లగా" అంటూనే ఉన్నాడు.

ఫారం దగ్గరపడుతుండగా పశువులతో నిండిన లారీ ఎదురొచ్చింది. బాట ఒక్క బండికే సరిపోతుంది. మేమే బండిని వెనక్కి నడుపుతూ, బాట వెడల్పయిన మలుపు దాకా పోవాలి. పెద్దమ్మ స్టీరింగు ఎడమకు తిప్పితే ట్రెయిలరు కుడికి పోయింది. సరిచేయబోతే అడ్డం తిరిగి కంచె స్తంభాన్ని గుద్దింది. వెనక లైటు పగిలింది. లారీ డ్రైవరు దిగి, నవ్వుతూ చూస్తున్నాడు.

"దిగు వదినా, నాకియ్యి. ఐదు నిమిషాల్లో తిప్పేస్తాను లా," అన్నాడు బాబాయి, అక్కడివాళ్ల అలవాటుగా చివర 'లా' తగిలించి.

"ఇవాళ నువ్వు తిప్పేస్తావు. రేపు నువ్వుండవు కదా, నేనే తిప్పుకోవాలి. నువ్వే దిగు," అంది పెద్దమ్మ.

బాబాయి ముఖం మాడ్చుకుని దిగాడు. నన్ను మాత్రం వెనక్కి వెళ్లి, అద్దంలో కనిపించేలా పక్కగా నిలబడి, ట్రెయిలరు ఎటు పోతే ఆ వైపు చెయ్యి ఎత్తమంది. తొమ్మిదేళ్ల పిల్లను నమ్మి అంత పని అప్పజెప్పిందని నాకు ఒళ్లంతా గర్వం. చేతులు లాగేస్తున్నా దించలేదు. ఆవిడ ముందుకు పోయి సరిచేసుకునేది, మళ్లీ వెనక్కి వచ్చేది. ఎన్నిసార్లో లెక్కలేదు. రవిక చెమటతో తడిసి ముద్దయింది. ఎవరివైపూ చూడలేదు, నా చేతులవైపే. కొంచెం తిప్పి, ఆగి, బండి ఎటు వంగుతోందో చూడాలని చివరికి ఆవిడకే అంతుపట్టింది. అలాగే బండిని మలుపు దాకా చేర్చింది. లారీ మమ్మల్ని దాటేసరికి డ్రైవరు నవ్వడం మానేశాడు. బాబాయి వచ్చి ఈసారి వెనక, నా పక్కన కూర్చున్నాడు.

పెద్దమ్మ ఆ చక్రాల ఇంట్లో ఆరేళ్లుంది. వెనక గది మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. మొన్న ఇక్కడ సింగపూరులో, జురాంగ్ వెస్ట్‌లో మా ఇంటి దగ్గరి క్లినిక్‌లో వరస నంబరు చీటీ ఇచ్చే మిషను ముందు నేను తడబడుతుంటే, మనవడు "అమ్మమ్మా, ఐ డూ ఫర్ యూ లా" అంటూ చెయ్యి చాపాడు. వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. విసుక్కోనీ అనుకున్నాను.

"నువ్వు చెప్పు, నేనే నొక్కుతాను," అన్నాను.

రెండుసార్లు తప్పు నొక్కాను. మూడోసారికి చీటీ నా చేతిలోకి వచ్చింది.